ఆకులు ఊదే గ్యాస్ బ్లోయర్: ఏ బ్రాండ్ నమ్మకంగా నిలుస్తుంది?

కమ్మింగ్_కాపురం · కమ్మింగ్, జార్జియా · నవంబర్ 7, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది అరెకరం లాట్. ముందు నాలుగు ఓక్ చెట్లు, పక్కన రెండు స్వీట్‌గమ్, వెనకంతా పైన్. అక్టోబర్ చివర మొదలైతే క్రిస్మస్ దాకా ఆకులే ఆకులు. ఇవాళ శుభ్రం చేస్తే ఎల్లుండికి మళ్లీ చీలమండ లోతు.

నాలుగేళ్ల కిందట కొన్న చేతి బ్లోయర్ ఉంది, గ్యాస్‌ది (ఇక్కడ పెట్రోలునే గ్యాస్ అంటాం). నిరుటి దాకా పేచీ పెట్టలేదు. ఈ సీజన్‌లో తాడు మూడుసార్లు లాగితే స్టార్ట్ అవుతుంది, చిన్నగా తిరుగుతూ కూర్చుంటుంది, ట్రిగ్గర్ నొక్కగానే గొంతు పట్టేసినట్టు గురగురలాడి ఆగిపోతుంది. ఏ కంపెనీదో రాయడం లేదు. తప్పు మిషన్‌దో నాదో ఇంకా తేలలేదు. తేలకుండా పేరు పెట్టడం న్యాయం కాదు.

ఇంతలో హెచ్‌ఓఏ, అంటే మా కాలనీ ఇళ్ల యజమానుల సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. పద్నాలుగు రోజుల్లో ముందు యార్డ్ శుభ్రం చేయాలట. టెన్షన్‌గా ఉంది. శనివారం వెళ్లి కొత్తది తెచ్చేద్దామని స్టిల్ బీజీ 56, ఎకో పీబీ-2520, హస్క్‌వర్నా 125బీ చూసి పెట్టుకున్నాను. బడ్జెట్ 300 డాలర్లు. ఊదే బలం కన్నా నాకు నమ్మకం ముఖ్యం. చలిలో పొద్దున్నే తాడు లాగితే పలకాలి, అయిదారేళ్లు నిలవాలి. వాడుతున్నవాళ్లు చెప్పండి.

మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చి మూడు నెలలుగా మాతోనే ఉన్నారు. "తిరుగుతోందంటే ప్రాణం ఉన్నట్టే, అప్పుడే పారేయకు" అంటున్నారు. నాకేమో అంత ఓపిక లేదు.

ఎడిసన్_అక్క · ఎడిసన్, న్యూజెర్సీ · నవంబర్ 7, రాత్రి 10:15

తమ్ముడూ, మాది ఎకో పీబీ-2520. ఇది నాలుగో సీజన్. ఇంట్లో ఆకుల పని నాదే కాబట్టి నా చేతి అనుభవమే చెబుతున్నా. గ్యాస్ లాగే రబ్బరు బల్బ్ ఏడెనిమిదిసార్లు నొక్కడం, చోక్ (గాలి తగ్గించే మీట) వేయడం, రెండుసార్లు లాగడం, పలికాక చోక్ తీసి ఇంకోసారి. అంతే. నాలుగు కిలోల లోపే బరువు, గంట పట్టుకున్నా నా మణికట్టు తట్టుకుంటుంది. ఇంట్లో వాడుకునేవాళ్లకి ఎకో 5 ఏళ్ల వారంటీ ఇస్తుంది. నేను కొన్నది దానికోసమే.

ఒక్క జాగ్రత్త అందరికీ చెప్పాలి. చున్నీ, వదులు పైజామా వేసుకుని చేతి బ్లోయర్ పట్టుకోవద్దు. పక్కన గాలి పీల్చే జాలీ ఉంటుంది కదా, గుడ్డ దానికి అతుక్కుంటుంది. మొదటి ఏడాది నా చున్నీ కొస అలాగే పీల్చుకుంటే గుండె ఆగినంత పనైంది. ఇప్పుడు జీన్స్, బిగుతు స్వెటర్, చెవులకు మఫ్స్. మఫ్స్ లేకుండా అసలు మొదలుపెట్టను.

ఫ్రిస్కో_లైవ్‌ఓక్ · ఫ్రిస్కో, టెక్సస్ · నవంబర్ 7, రాత్రి 10:52

అన్నా, గ్యాస్ ఎందుకు? మా వైపు లైవ్ ఓక్‌లు ఆకు రాల్చేది ఫిబ్రవరి, మార్చిలో. అప్పుడైనా మా లాట్‌కి 56 వోల్టుల బ్యాటరీ బ్లోయర్ సరిపోతోంది. తాడు లేదు, ఆయిల్ కలిపే పని లేదు, గరాజ్‌లో వాసన లేదు.

కమ్మింగ్_కాపురం · నవంబర్ 7, రాత్రి 11:05

తమ్ముడూ, పూర్తి బలంలో పెడితే నీ బ్యాటరీ ఎంతసేపు వస్తుంది? మాకు ఒక్క విడతకి గంటన్నర పని. తడి ఆకు అయితే ఆ గంటన్నరా ట్రిగ్గర్ మొత్తం నొక్కే ఉంచాలి.

ఫ్రిస్కో_లైవ్‌ఓక్ · నవంబర్ 7, రాత్రి 11:11

పూర్తి బలంలో అయితే పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. గంటన్నరకి అయిదారు బ్యాటరీలు కావాలి, బ్యాటరీ ఖరీదే మిషన్ ఖరీదంత ఉంటుంది. నీ లెక్కకి గ్యాసే నయం. ఒప్పుకుంటున్నా.

టూస్ట్రోక్_షార్లెట్ · షార్లెట్, నార్త్ కరోలినా · నవంబర్ 8, ఉదయం 6:30

కమ్మింగ్ గారూ, కొనడానికి బయల్దేరే ముందు ఇది చదవండి. నా ఉద్యోగం సాఫ్ట్‌వేరే గానీ, పదేళ్లుగా శని, ఆదివారాల్లో చుట్టుపక్కల వాళ్ల బ్లోయర్లు, ట్రిమ్మర్లు, చెయిన్ రంపాలు బాగు చేస్తున్నాను. మీరు చెప్పిన లక్షణం నా బల్ల మీదికి వచ్చేవాటిలో సగానికి ఉంటుంది. స్టార్ట్ అవుతుంది, ఐడిల్‌లో, అంటే ట్రిగ్గర్ నొక్కకుండా తిరిగేటప్పుడు బాగుంటుంది, ట్రిగ్గర్ నొక్కితే చచ్చిపోతుంది. ఇంజను చావుకు ఇది గుర్తు కాదు. ఇంజనుకు గ్యాస్ అందక అలా అవ్వాలి, లేదా పొగ బయటికి పోక అవ్వాలి.

రెండు పరీక్షలు చేయండి, పనిముట్లు అక్కర్లేదు. స్టార్ట్ చేసి, చోక్ సగానికి పెట్టి ట్రిగ్గర్ నొక్కండి. అలా పెట్టినప్పుడు కాస్త మెరుగ్గా తిరిగితే గ్యాస్ చాలడం లేదని అర్థం. ట్యాంకులో ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, సన్న ట్యూబు చిట్లి ఉండొచ్చు, కార్బ్యురేటర్‌లో డయాఫ్రం గట్టిపడి ఉండొచ్చు. సగం చోక్‌లో ఇంకా అధ్వానమైతే పొగ దారి చూడాలి. ఇక రెండోది, ట్యాంకు మూత కొద్దిగా వదులు చేసి చూడడం. అప్పుడు బాగా తిరిగితే మూతలో గాలి రంధ్రం పూడుకుపోయినట్టు. గ్యాస్ ఒలకకుండా చూసుకోండి.

పొగ దారి అన్నాను కదా. సైలెన్సర్ బయటి మూతి దగ్గర, చిన్న రేకు మూత కింద, నిప్పురవ్వలు బయటికి రాకుండా సన్నటి తీగ జాలీ ఒకటి పెడతారు. స్పార్క్ అరెస్టర్ అంటారు. రెండు మూడు సీజన్లకి దాన్ని కార్బన్ కప్పేస్తుంది. ఐడిల్‌లో పొగ తక్కువ, ఆ సందుల్లోంచే పోతుంది. ట్రిగ్గర్ నొక్కితే పొగ పెరుగుతుంది, పోవడానికి దారి ఉండదు, ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగుతుంది. ఒకటి రెండు స్క్రూలు తీస్తే జాలీ చేతికి వస్తుంది. వైర్ బ్రష్‌తో రుద్దితే చాలు, పైసా ఖర్చు లేదు. ఎంతమంది ఈ జాలీ సంగతి తెలియక మంచి మిషన్లు చెత్తలో పడేశారో. చూసినప్పుడల్లా బాధేస్తుంది.

ఇక బ్రాండ్ల మాట. స్టిల్ జర్మనీ కంపెనీ, అమెరికాలో వర్జీనియా బీచ్‌లో ఫ్యాక్టరీ ఉంది. హోమ్ డిపోలో, లోస్‌లో దొరకదు, డీలర్ దగ్గరికి వెళ్లాలి, కొన్ని ఏస్ హార్డ్‌వేర్ దుకాణాల్లోనూ ఉంటుంది. ఎకో జపాన్ యామాబికో వాళ్లది. 2008లో ఎకో తయారుచేసే కియోరిట్జ్, ఇంకో కంపెనీ షిందైవా కలిసి యామాబికో అయ్యాయి, కాబట్టి ఎకో, షిందైవా ఒకే ఇంటి పిల్లలు. హస్క్‌వర్నా స్వీడన్‌ది, ల్యాండ్‌స్కేపింగ్ వాళ్లు ఇష్టపడే రెడ్‌మ్యాక్స్ కూడా ఆ గ్రూపుదే. బయటి ప్లాస్టిక్ రంగు ఏదైనా లోపల కార్బ్యురేటర్ చూస్తే చాలావాటిలో జామా కంపెనీది ఉంటుంది, లేదంటే వాల్బ్రో కంపెనీది. ఆ జామా స్టిల్ గ్రూపు కంపెనీయే. అందుకే ఈ మూడింటిలో ఏది మంచిదని అడిగితే నేను అంతగా తేడా పెట్టను. మూడూ మంచివే. బీజీ 56 ఇంజను 27.2 సీసీ, ఎకోది 25.4, హస్క్‌వర్నా 28. చేతి మిషన్లలో ఈ తేడా చెట్టు కింద నిలబడితే తెలియదు.

తేడా తెలిసేది ఇంకోచోట. మిషన్ మీద ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) స్టిక్కర్ ఉంటుంది, దుకాణంలో తిరగేసి చదవండి. ఎమిషన్స్ కంప్లయన్స్ పీరియడ్ అని 50, 125, 300 గంటల్లో ఏదో ఒకటి రాసి ఉంటుంది. అన్ని గంటలపాటు పొగ హద్దులో ఉంటుందని తయారీదారు ఇచ్చే మాట అది. ఇంజను ఆయుష్షు కాదు. కానీ 50 గంటలకి మాట ఇచ్చేవాడూ 300 గంటలకి ఇచ్చేవాడూ ఒకే రకం పిస్టన్, ఒకే రకం బేరింగ్ వేయరు. మీరు వారానికి గంటన్నర చొప్పున పది వారాలు వాడితే ఏడాదికి 15 గంటలు. 50 గంటల మిషన్ నాలుగో సీజన్‌లోకి వస్తూనే ఆ గీత దాటుతుంది. బాక్సు మీద పెద్దక్షరాల్లో వేసే సీఎఫ్ఎం (గాలి పరిమాణం), ఎంపీహెచ్ (గాలి వేగం) కన్నా ఈ చిన్నక్షరాల అంకెను నేను ఎక్కువ నమ్ముతాను.

పరీక్షలు చేసి రాయండి. ట్యాంకులో ఏ గ్యాస్ పోశారో, ఎప్పటిదో కూడా రాయండి.

రెండెకరాల_తోట · ఆల్ఫరెట్టా, జార్జియా · నవంబర్ 8, ఉదయం 7:20

నాకు స్టిల్ తప్ప ఇంకోటి వద్దు. బీజీ 86, ఎనిమిదో ఏడు. వణుకు తక్కువ, ఎయిర్ ఫిల్టర్ పెద్దది. మా డీలర్ ఇంటికి ఏడు నిమిషాలు. నిరుడు థాంక్స్‌గివింగ్ ముందు రోజు తాడు తెగితే పొద్దున ఇచ్చి సాయంత్రం తెచ్చుకున్నా. పెద్ద దుకాణాల్లో కొన్నవాళ్లకి ఆ సుఖం ఎక్కడిది?

ఎడిసన్_అక్క · నవంబర్ 8, ఉదయం 7:48

అన్నయ్యా, ఆ సుఖం డీలర్‌ది, మిషన్ రంగుది కాదు. మా ఊళ్లో ఎకో బాగుచేసే షాపు పది నిమిషాల దూరం. స్టిల్ డీలర్ దగ్గరికి పోవాలంటే రానూపోనూ గంటకు పైనే. మీ ఇంటి దగ్గర నిలబడి చూస్తే స్టిల్ గొప్ప, మా ఇంటి దగ్గర నిలబడి చూస్తే ఎకో గొప్ప.

రెండెకరాల_తోట · నవంబర్ 8, ఉదయం 7:55

మీ మాట నిజమే. మా డీలర్ ముసలాయన షాపు మూసేస్తే నేనూ అప్పుడు మళ్లీ ఆలోచించుకోవాల్సిందే.

ర్యాలీ_కొత్తిల్లు · ర్యాలీ, నార్త్ కరోలినా · నవంబర్ 8, ఉదయం 9:10

నా అనుభవం ఒకటి. ఆన్‌లైన్‌లో చవగ్గా కనబడిందని ఎప్పుడూ పేరు వినని బ్రాండ్ ఒకటి కొన్నాను. ఒక సీజన్ బాగానే ఊదింది. తర్వాత ప్రైమర్ బల్బ్ పగిలింది. అరచేతిలో ఇమిడే రబ్బరు బుడగ, ఇంకో మిషన్‌కైతే నాలుగు డాలర్లు. దీనికి సైజు కుదరదు, అమ్మినవాళ్లు జవాబివ్వరు, రిపేర్ షాపుల్లో "ఈ మోడల్ మేం ముట్టుకోం" అన్నారు. చివరికి మొత్తం మిషన్ పోయింది. స్పేర్ పార్ట్ నంబర్ కొట్టి వెతికితే పార్ట్ దొరుకుతుందా లేదా అని చూశాకే మిషన్ కొనాలని అప్పుడు తెలిసింది.

కమ్మింగ్_కాపురం · నవంబర్ 8, ఉదయం 9:35

షార్లెట్ గారూ, మీ పోస్ట్ నాన్నగారికి చదివి వినిపించాను. రెండు పరీక్షలూ ఆయన ముందే చేశాను. సగం చోక్‌లో ఇంకా అధ్వానం, వెంటనే ఆగిపోతోంది. మూత వదులు చేస్తే తేడా లేదు.

గ్యాస్ సంగతి దాచను. మార్చిలో చివరిసారి వాడి అలాగే షెల్ఫ్ మీద పెట్టేశాను. ట్యాంకులో సగం ఉంది. మిక్స్ చేసిన డబ్బా కూడా అప్పటిదే. అక్టోబర్‌లో దాన్నే పోసి మొదలుపెట్టాను. మిక్స్ 40:1, అంటే నలభై పాళ్ల గ్యాస్‌కి ఒక పాలు ఆయిల్. పాత ట్రిమ్మర్‌కి అదే వాడేవాణ్ని, ఆయిల్ కాస్త ఎక్కువైతే ఇంజనుకు మంచిదే కదా అని దీనికీ అదే పోశాను.

టూస్ట్రోక్_షార్లెట్ · నవంబర్ 8, ఉదయం 10:02

అయితే ముందు జాలీ తీయండి. ఇంజను పూర్తిగా చల్లారాక, స్పార్క్ ప్లగ్ క్యాప్ పీకేశాకే చేయి పెట్టండి.

ఆయిల్ ఎక్కువైతే మంచిదే అనుకోవడం వల్లే ఆ కార్బన్. ఇప్పటి మిషన్లు ఎక్కువ భాగం 50:1. ఒక గ్యాలన్ గ్యాస్‌కి 2.6 ఔన్సుల ఆయిల్. 40:1 అంటే 3.2 ఔన్సులు. ఆ మిగులు ఆయిలే కాలీ కాలక జాలీ మీద పేరుకుంటుంది. గంటలకొద్దీ ఐడిల్‌లో వదిలినా అంతే.

పాత గ్యాస్ దీనికన్నా పెద్ద తప్పు. పంపులో వచ్చేది ఈ10, అంటే పది శాతం ఇథనాల్. ఇథనాల్ గాల్లో తేమను పీలుస్తుంది. నెలలు గడిస్తే నీళ్లు, ఇథనాల్ కలిసి అడుక్కి దిగిపోతాయి. ట్యాంకులో ఫిల్టర్ ఉండేదీ అడుగునే. ఇంజను మొదట పీల్చేది ఆ నీళ్లనే. తేలికగా ఆవిరయ్యే భాగం పోయి మిగిలిన జిగురు కార్బ్యురేటర్ సన్నదారుల్లో వార్నిష్‌లా అంటుకుంటుంది. కలిపిన గ్యాస్‌ని 30 రోజుల్లో వాడేయండి. ఆ తర్వాత మిగిలితే బ్లోయర్‌కి వద్దు.

పంపు దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. అన్‌లెడెడ్ 88 అని చవగ్గా ఒక నాజిల్ ఉంటుంది. మామూలు 87 ఆక్టేన్ కన్నా పెద్ద అంకె కదా, మంచిదేమో అనుకుంటారు. అది ఈ15, పదిహేను శాతం ఇథనాల్. చిన్న ఇంజన్లలో దాన్ని పోయకూడదని ఈపీఏ నిబంధనే ఉంది, నాజిల్ దగ్గర స్టిక్కర్ మీదా రాసి ఉంటుంది. చేతి మిషన్లకి 89 ఆక్టేన్, ఇథనాల్ పది శాతం మించనిది. లేదంటే ఇథనాల్ లేని డబ్బా గ్యాస్. ట్రూఫ్యూయెల్, స్టిల్ మోటోమిక్స్, ఎకో రెడ్ ఆర్మర్ లాంటివి, ఆయిల్ కలిపే వస్తాయి. పంపు ధరతో పోలిస్తే ఖరీదు చాలా ఎక్కువ. అందుకే నేను సీజనంతా తాజా మిక్స్ వాడి, చివరి ట్యాంకు మాత్రం డబ్బాది పోసి, అయిదు నిమిషాలు తిప్పి దాచిపెడతాను.

పేట_మిర్చిరైతు · చిలకలూరిపేట · నవంబర్ 8, రాత్రి 9:15 (భారత సమయం)

మా అబ్బాయి ఈ చర్చ చూపించాడు. అక్కడ ఆకులు ఊదే మిషన్‌కీ ఇక్కడ మా తైవాన్ స్ప్రేయర్‌కీ లోపల ఇంజను ఒకటే జాతి అని అర్థమైంది. రెండు స్ట్రోకులు, సన్న కార్బ్యురేటర్, తాడు. మిర్చికి మందు కొట్టే రోజుల్లో ఆ మిషన్ ఆగితే రైతు గుండె కూడా ఆగుతుంది.

మా స్ప్రేయర్ పుస్తకంలో 25:1 అని ఉంది, అంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్. బ్రష్ కట్టర్‌కి 50:1, లీటరుకు 20. రెండూ ఒకే కొట్టంలో ఉంటాయి, డబ్బాలు కలిసిపోతాయి. రెండేళ్ల కింద నేను ఊళ్లో లేని రోజు మనిషి తొందరలో ఆయిల్ కలపని పెట్రోలు స్ప్రేయర్‌లో పోశాడు. నాలుగు సాళ్లు కూడా దాటలేదు, బిగుసుకుపోయింది. గుంటూరులో విప్పించి చూస్తే పిస్టన్ పక్కన గోటితో గీరినట్టు నిలువు గీతలు. సిలిండర్, పిస్టన్ రెండూ మార్చాం. అప్పటి నుంచి డబ్బాలకు రంగు వేశాను. ఎర్రది స్ప్రేయర్‌కి, పచ్చది కట్టర్‌కి, తెల్లది ఉత్త పెట్రోలు. రాత మీద నాకు నమ్మకం లేదు, చేతులకు మందు, నూనె ఉన్నప్పుడు ఎవరూ రాత చదవరు.

ఇప్పుడు మా బంకుల్లో వచ్చేది ఈ20. మీరు పది శాతానికే ఇంత జాగ్రత్త పడుతుంటే మాది రెండింతలు. కాబట్టి పని కాగానే ట్యాంకు వంచేసి, మిగిలింది అయిపోయేదాకా ఇంజను తిప్పి ఆపుతాం. నాలుగు స్ట్రోకుల హోండా ఇంజను కట్టర్లు కొన్నవాళ్లకి ఆయిల్ కలిపే బాధ లేదు. బరువు మాత్రం ఎక్కువంటున్నారు.

తెనాలి పెద్దాయనకి నా నమస్కారాలు. ఆయన చెప్పింది వినండి బాబూ.

రాక్‌విల్_వదిన · రాక్‌విల్, మేరీల్యాండ్ · నవంబర్ 8, మధ్యాహ్నం 1:30

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెప్పాలి. మా మాంట్‌గోమరీ కౌంటీలో గ్యాస్ బ్లోయర్ల అమ్మకం 2024 జులై 1న ఆగింది, వాడకం 2025 జులై 1 నుంచి నిషేధం. పక్కనే వాషింగ్టన్ డీసీలో 2022 జనవరి నుంచే లేదు. కాలిఫోర్నియాలో 2024 మోడల్ నుంచి కొత్త చిన్న గ్యాస్ ఇంజన్ల అమ్మకానికే చట్టం అడ్డుపడింది. కొనే ముందు మీ ఊరి నిబంధన ఏమిటో చూసుకోండి. మేం మంచి స్థితిలో ఉన్న మిషన్‌ని వేరే రాష్ట్రంలో ఉన్న మరిదికి ఇచ్చేయాల్సి వచ్చింది.

నిషేధం వచ్చినప్పుడు మొదట కోపం వచ్చింది. తర్వాత అర్థమైంది. నేను రాత్రి డ్యూటీ నర్సుని. పగలు పడుకుంటాను. శరత్కాలం అంతా ఏదో ఒక ఇంటి ముందు ఆ మోత. ఇప్పుడు నిద్ర పడుతోంది. కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డు లెక్క ప్రకారం, ల్యాండ్‌స్కేపింగ్ వాళ్లు వాడే గ్యాస్ బ్లోయర్ ఒక గంట తిరిగితే వచ్చే స్మాగ్ కాలుష్యం, టయోటా క్యామ్రీ కారు సుమారు 1,100 మైళ్లు పోతే వచ్చేదానికి సమానం. రెండు స్ట్రోకుల ఇంజనులో కాలని గ్యాస్ పొగతో పాటే బయటికి పోతుంది, అందుకు.

కమ్మింగ్_కాపురం · నవంబర్ 8, మధ్యాహ్నం 2:05

వదినా, కోపం ఎందుకు వస్తుంది. మా జార్జియాలో ఊళ్లు గ్యాస్ బ్లోయర్లని విడిగా నిషేధించకుండా 2023లో రాష్ట్రమే చట్టం చేసింది, కాబట్టి చట్టం చిక్కు లేదు. కానీ మా పక్కింట్లో రెండు నెలల పాప ఉంది. మీ పోస్ట్ చదివాక పొద్దున ఎనిమిదికి కాకుండా పదకొండు తర్వాత మొదలుపెడతానని వాళ్లకి మెసేజ్ పెట్టాను.

టూస్ట్రోక్_షార్లెట్ · నవంబర్ 8, మధ్యాహ్నం 2:20

గ్యాస్ తప్పనివాళ్లకి, మోత మీద పట్టింపు ఉన్నవాళ్లకి ఎకోలో పీబీ-250ఎల్‌ఎన్ అని ఒకటుంది. యాభై అడుగుల దూరంలో కొలిస్తే 65 డెసిబెల్స్. చేతి గ్యాస్ మిషన్లలో అది తక్కువే. కానీ ఆ కొలత యాభై అడుగుల అవతల ఉన్నవాళ్లకి. పట్టుకున్నవాళ్ల చెవికి ఏ గ్యాస్ బ్లోయరైనా ఎక్కువే. ఎడిసన్ అక్క చెప్పినట్టు మఫ్స్ తప్పనిసరి.

కమ్మింగ్_కాపురం · నవంబర్ 8, సాయంత్రం 5:50

దొరికింది!

గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తి, స్టూల్ మీద పాత న్యూస్‌పేపర్ పరిచి కూర్చున్నాం. ప్లగ్ క్యాప్ పీకి పక్కన పెట్టాను. సైలెన్సర్ మీద రేకు మూతకు రెండు స్క్రూలు. ఒకటి వెంటనే వచ్చింది. రెండోది తుప్పు. నాన్నగారు నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని, బిగించే వైపు చిటికెడు తిప్పి, అప్పుడు వెనక్కి తిప్పారు. కిర్రుమని కదిలింది. మూత కింద బొటనవేలి గోరంత జాలీ. జాలీ అని తెలిసి చూస్తున్నాం కాబట్టి సరిపోయింది, లేకపోతే నల్లటి రేకు బిళ్ల అనుకుంటాం. ఒక్క రంధ్రం కనబడలేదు. నాన్నగారు దీపం వైపు ఎత్తి పట్టుకుని చూసి, "దీంట్లోంచి చీమ కూడా ఊపిరి తీయలేదురా" అన్నారు.

జాలీ లేకుండా ఒక్క అరనిమిషం తిప్పి చూశాను. ట్రిగ్గర్ నొక్కగానే నాలుగేళ్ల కిందటి గొంతు! ఆపేసి, చల్లారాక, జాలీని వైర్ బ్రష్‌తో రుద్దాం. నాన్నగారికి తృప్తి కలగలేదు. దాన్ని పట్టకారుతో పట్టుకుని బయట గ్రిల్ మంట మీద ఎర్రబడేదాకా కాల్చి, చల్లారనిచ్చి మళ్లీ రుద్దారు. నల్లటి పొడి రాలింది, తీగలు వెండిలా బయటపడ్డాయి. లెక్కపెట్టగలిగినన్ని రంధ్రాలు.

పాత గ్యాస్ మొత్తం వంచేసి, కౌంటీ రీసైక్లింగ్ సెంటర్‌కి తీసుకెళ్లే డబ్బాలో పోశాం. ట్యాంకు ఫిల్టర్‌ని వంచిన తీగతో బయటికి లాగితే అది కూడా గోధుమ రంగుకి తిరిగి ఉంది, అది కొత్తది వేయాలి. ఇప్పటికి దుకాణం నుంచి తెచ్చిన డబ్బా గ్యాస్ పోశాను. రెండో లాగుకే పలికింది. ముందు యార్డ్ మొత్తం ఇవాళే అయిపోయింది, నలభై నిమిషాలు ఆపకుండా తిరిగింది.

కంపెనీ పేరు రాయనందుకు సంతోషంగా ఉంది. తప్పు నాదే.

ఎడిసన్_అక్క · నవంబర్ 8, సాయంత్రం 6:10

చదువుతుంటే నేనే ఆ గరాజ్‌లో నిలబడినట్టు ఉంది. నాన్నగారికి మా ఇంటి నుంచి నమస్కారం చెప్పు తమ్ముడూ. రేపే నా మిషన్ జాలీ కూడా తీస్తా, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు.

టూస్ట్రోక్_షార్లెట్ · నవంబర్ 8, రాత్రి 7:00

చాలా సంతోషం. జాలీ మళ్లీ పెట్టేశారు కదా? కొందరు లేకుండానే బాగా తిరుగుతోందని వదిలేస్తారు. వద్దు. మీ యార్డ్‌లో ఎండిన పైన్ ఆకు ఎంత ఉందో మీరే చెప్పారు, ఒక్క రవ్వ చాలు. ఇకపై ఏటా సీజన్ మొదట్లో జాలీ, ట్యాంకు ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ ఒకసారి చూడండి. స్పార్క్ ప్లగ్ కూడా తీసి చూడండి. ఆయిల్ ఎక్కువ పోసిన ఇంజనులో ప్లగ్ కొస తడిగా నల్లగా ఉంటుంది, కొత్త ప్లగ్ ఖరీదు కూడా పెద్దదేమీ కాదు.

కమ్మింగ్_కాపురం · నవంబర్ 8, రాత్రి 7:12

పెట్టేశాం అండీ. నాన్నగారే బిగించారు.

ర్యాలీ_కొత్తిల్లు · నవంబర్ 9, ఉదయం 8:40

కమ్మింగ్ అన్న గట్టెక్కారు, బాగుంది. నాకు మాత్రం బాగుచేయడానికి మిషనే లేదు. పావు ఎకరం, మేపుల్స్, తడి ఆకు ఎక్కువ. కొనాలంటే ఆ మూడింటిలో ఏది? ఒక్క పేరు చెప్పండి దయచేసి.

టూస్ట్రోక్_షార్లెట్ · నవంబర్ 9, ఉదయం 9:25

ఒక్క పేరు అంటే మీ ఇంటి నుంచి లెక్క వేయాలి. స్టిల్ బాగుచేసే డీలర్ పావుగంటలో ఉంటే బీజీ 56. లేకపోతే ఎకో పీబీ-2520. ఆ 5 ఏళ్ల వారంటీ చిన్న విషయం కాదు. హస్క్‌వర్నా 125బీ చెడ్డదని కాదు, సర్వీస్ షాపు దగ్గర్లో ఉంటే అదీ తీసుకోవచ్చు. నా బల్ల మీద మూడూ బాగుపడ్డాయి.

తడి ఆకుకి రెండు అంకెలూ చూడాలి. ఎంపీహెచ్ అంటే గాలి వేగం, గడ్డికి అతుక్కున్న తడి ఆకుని లేపేది అదే. సీఎఫ్ఎం గాలి పరిమాణం, లేచిన కుప్పని ముందుకు తోసేది. ఎకో 170 ఎంపీహెచ్, 453 సీఎఫ్ఎం అని చూపిస్తుంది, హస్క్‌వర్నా అదే వేగానికి 425. ఒక్కో కంపెనీ ఒక్కో గొట్టంతో కొలుస్తుంది కాబట్టి పోల్చడం కష్టం. న్యూటన్లలో ఊదే బలం ఇచ్చి ఉంటే దాన్నే పోల్చండి, అందులో రెండూ కలిసి ఉంటాయి.

పావు ఎకరమే అంటున్నారు. ఫ్రిస్కో తమ్ముడి బ్యాటరీ మాట కూడా ఒకసారి ఆలోచించండి. మీకు రెండు బ్యాటరీలతో సరిపోవచ్చు.

ఫ్రిస్కో_లైవ్‌ఓక్ · నవంబర్ 9, ఉదయం 9:50

ర్యాలీ అన్నా, మీకు దగ్గర్లో ఎవరిదైనా బ్యాటరీది ఉంటే ఒక శనివారం అడిగి తీసుకుని తడి ఆకు మీద ప్రయత్నించండి. నచ్చకపోతే గ్యాస్ కొనుక్కోవచ్చు.

ర్యాలీ_కొత్తిల్లు · నవంబర్ 9, ఉదయం 10:05

మా కొలీగ్ దగ్గర ఉంది, అడుగుతా. ఎకో బాగుచేసే షాపు మాకు రెండు మైళ్లలోనే ఉంది, ఇప్పుడే చూశాను. బ్యాటరీ చాలకపోతే 2520 తెచ్చేస్తా.

కమ్మింగ్_కాపురం · నవంబర్ 9, ఉదయం 11:30

చివరి ప్రశ్న. డబ్బా గ్యాస్ ఖరీదు చూశాక ఇథనాల్ లేని గ్యాస్ పంపులో దొరికితే బాగుండునని ఉంది. మా వైపు ఎక్కడైనా ఉందా?

రెండెకరాల_తోట · నవంబర్ 9, మధ్యాహ్నం 12:15

మీరు లేక్ లేనియర్ పక్కనే ఉన్నారు కదా. పడవల వాళ్లందరికీ కావాల్సింది అదే. సరస్సు చుట్టూ ఉన్న మెరీనాల్లో, ఆ దారి బంకుల్లో ఇథనాల్ ఫ్రీ అనో రెక్ 90 అనో బోర్డు వెతకండి. డబ్బా నేల మీద పెట్టి నింపండి, కారు డిక్కీలో ఉండగా నింపొద్దు. ఒక్క గ్యాలనే తెచ్చుకోండి, మీకు నెల వస్తుంది.

కమ్మింగ్_కాపురం · నవంబర్ 9, మధ్యాహ్నం 12:22

చాలా థాంక్స్ అన్నయ్యా. మధ్యాహ్నం భోజనం అయ్యాక బయల్దేరుతున్నాం. 2.6 ఔన్సుల గీత ఉన్న కొలత సీసా నాన్నగారు ఇప్పటికే కడిగి ఆరబెట్టారు. డబ్బాకి వేయడానికి ఎర్ర రంగు కూడా కొనాలట, పేట రైతు గారి మాట ఆయనకి బాగా నచ్చింది.